నషా అలవాటు: పెద్దాసుపత్రి దాకా పోకముందే బస్తీ దవాఖానాలో జరగాల్సిన పది నిమిషాల మాట

దగ్గు తగ్గట్లేదని, కడుపులో మంట అని, నిద్ర పట్టట్లేదని, షుగర్ చూపించుకుందామని బస్తీ దవాఖానాకో, పీహెచ్‌సీకో వెళ్తాం. డాక్టర్ బీపీ చూస్తారు, మందులు రాస్తారు, చీటీ పట్టుకుని బయటికి వచ్చేస్తాం. జేబులో ఉన్న జర్దా ప్యాకెట్ గురించి ఆయన అడగరు, మనం చెప్పం. రాత్రి స్నేహితులతో తాగినదాని గురించి అయితే అసలే చెప్పం. ఆ దగ్గుకీ, ఆ మంటకీ, ఆ నిద్రలేమికీ అసలు కారణం చాలాసార్లు అక్కడే ఉంటుంది.

ఈ ఖాళీని పూరించడానికి వచ్చిన పద్ధతే స్క్రీనింగ్, చిన్న కౌన్సెలింగ్. మామూలు జబ్బుకి వచ్చిన ప్రతి పెద్దవాళ్ళనీ పొగాకు, మద్యం, గంజాయి, నిద్రమాత్రల గురించి మర్యాదగా నాలుగు ప్రశ్నలు అడగడం, వచ్చిన జవాబుని బట్టి అక్కడికక్కడే ఐదు పది నిమిషాలు మాట్లాడడం, అవసరమైతే పై ఆసుపత్రికి పంపడం. ఇంతే. వినడానికి చిన్న పని. ఇది జరగక మన ఇళ్ళల్లో ఎంత నష్టం జరుగుతోందో మాత్రం లెక్క చెబుతుంది.

38 మందిలో ఒక్కరు

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే 2019లో వచ్చింది. 10 నుంచి 75 ఏళ్ళ మధ్య వయసువాళ్ళలో 14.6 శాతం మంది, అంటే సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారని అందులో తేలింది. గంజాయి, భంగ్ లాంటివి వాడేవాళ్ళు సుమారు 3.1 కోట్లు. మద్యానికి పూర్తిగా బానిసలైనవాళ్ళలో ఏదో ఒక రకం చికిత్స అందినవాళ్ళు 38 మందిలో ఒక్కరే. మిగతా 37 మంది ఇంట్లోనే ఉన్నారు. వాళ్ళని మోస్తున్నది భార్య, అమ్మ, పిల్లలు.

మన ఇళ్ళల్లో దీనికి ఇంకో తాళం కూడా పడుతుంది. షరాబ్ హరామ్ అని అందరికీ తెలుసు కాబట్టి, తాగేవాడు ఇంట్లో ఉన్నాడని ఒప్పుకోవడమే పెద్ద అవమానం. ఇజ్జత్ పోతుందని, ఆడపిల్లకి రిష్తాలు రావని నోరు మూసుకుంటారు. డాక్టర్ కూడా పేరు చూసి "వీళ్ళు తాగరు కదా" అని అడగకుండా వదిలేయొచ్చు. అడగనివాడు ఒకడు, చెప్పనివాడు ఒకడు. మధ్యలో కాలేయం పాడవుతుంది. పైగా జర్దా, గుట్కా, సిగరెట్ లాంటివి చాలా ఇళ్ళల్లో నషా లెక్కలోకే రావు. పాన్ డబ్బా ముందు పెట్టుకునే కూర్చుంటాం. నోటి కేన్సర్‌కి పొగాకు పెద్ద కారణమని తెలిసినా అది "అలవాటు" మాత్రమే అనుకుంటాం.

ఇప్పుడున్న ప్రశ్న ఎక్కడ ఆగిపోతోంది

ఆశా వర్కర్ ఇంటికి వచ్చి 30 ఏళ్ళు దాటినవాళ్ళకి ఒక ఫారం నింపుతుంది. బీపీ, షుగర్, కేన్సర్ ముప్పు ఎవరికి ఉందో ముందే గుర్తించడానికి అది. దాంట్లో వయసు, నడుము కొలత, వ్యాయామంతో పాటు పొగాకు వాడతారా, రోజూ మద్యం తాగుతారా అనే ప్రశ్నలు కూడా ఉన్నాయి. మంచిదే. కానీ మూడు చోట్ల జారిపోతుంది.

ఒకటి, 19 ఏళ్ళ కుర్రాడు ఆ ఫారంలోకి రాడు. గంజాయి, వైట్‌నర్, మాత్రల అలవాటు మొదలయ్యేది ఆ వయసులోనే. రెండు, "రోజూ తాగుతారా" అంటే వారానికి ఒకసారి ఒళ్ళు తెలియకుండా తాగేవాడు నిజాయితీగానే "లేదు" అంటాడు. మూడు, ప్రశ్న అడిగేది వరండాలో, అత్తగారి ముందు, పక్కింటివాళ్ళు వింటుండగా. ఆ చోట నిజం చెప్పేవాళ్ళు ఎంతమంది? అందుకే ఈ ప్రశ్నలకి తలుపు వేసిన గది, ఒంటరిగా అడిగే మనిషి ముఖ్యం. ఫారం తర్వాతి సంగతి.

స్క్రీనింగ్ అంటే రక్త పరీక్ష కాదు

చాలామంది తల్లిదండ్రులు స్క్రీనింగ్ అంటే మూత్రం పరీక్ష అనుకుంటారు. మెడికల్ షాపులో కిట్ కొని పిల్లాడికి చెప్పకుండా పరీక్ష చేద్దామని చూస్తారు. ఇక్కడ మాట్లాడుతున్న స్క్రీనింగ్ అది కాదు. ఇది ప్రశ్నలతో చేసేది. మూత్రం పరీక్ష ఒక పదార్థం శరీరంలోకి వెళ్ళిందా లేదా అని మాత్రమే చెబుతుంది. ఎంత వాడుతున్నాడు, ఎందుకు వాడుతున్నాడు, మానాలని ఉందా అనేది చెప్పదు. పైగా రోజూ గంజాయి తాగినవాడు మానేసిన వారాల తర్వాత కూడా పాజిటివ్ రావొచ్చు. అప్పుడు నిజంగా మానేసిన పిల్లాడిని అబద్ధాలకోరు అంటాం. ఆ తర్వాత వాడు మనతో మాట్లాడతాడా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేయించిన రెండు ప్రశ్నావళులు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి.

ఆడిట్: ఇది మద్యానికి మాత్రమే. 10 ప్రశ్నలు, 0 నుంచి 40 దాకా మార్కులు. మొదటి మూడు ఎంత తరచుగా, ఎంత మోతాదులో తాగుతారని అడుగుతాయి. తర్వాతి మూడు మొదలుపెడితే ఆపలేకపోతున్నారా, చేయాల్సిన పనులు ఆగిపోతున్నాయా, పొద్దున్నే తాగితేగానీ కుదురు రావట్లేదా అని. చివరి నాలుగు పశ్చాత్తాపం, మర్చిపోవడం, దెబ్బలు తగలడం, ఇంట్లోవాళ్ళో డాక్టరో తగ్గించమని చెప్పడం గురించి.

అసిస్ట్: ఇది పొగాకు, మద్యం, గంజాయి, కొకైన్, ఉత్తేజపరిచే మందులు, వైట్‌నర్ లాంటి పీల్చేవి, నిద్రమాత్రలు, భ్రమలు కలిగించేవి, నల్లమందు జాతి మందులు, ఇతరాలు అని 10 రకాలకీ కలిపి. ప్రశ్నలు 8. జీవితంలో ఎప్పుడైనా వాడారా, గత మూడు నెలల్లో ఎన్నిసార్లు, వాడాలని తపన కలిగిందా, దానివల్ల ఆరోగ్యం, డబ్బు, కేసుల ఇబ్బంది వచ్చిందా, పనులు చెడ్డాయా, అయినవాళ్ళు ఆందోళన చెందారా, మానాలని ప్రయత్నించి ఓడిపోయారా, సూదితో ఎక్కించుకున్నారా. అంతా ఐదు పది నిమిషాల్లో అయిపోతుంది.

మార్కుల అర్థం ఇలా ఉంటుంది:

ఆడిట్‌లో 8 కంటే తక్కువ వస్తే ముప్పు తక్కువ, సమాచారం చాలు. 8 నుంచి 15 వస్తే తగ్గించమని సూటిగా సలహా. 16 నుంచి 19 వస్తే చిన్న కౌన్సెలింగ్, మళ్ళీ మళ్ళీ పిలిచి చూడడం. 20 లేదా పైన వస్తే నిపుణుల దగ్గరికి పంపాలి.

అసిస్ట్‌లో ఒక్కో పదార్థానికి విడిగా మార్కులు. మద్యానికి 11 నుంచి 26, మిగతా వాటికి 4 నుంచి 26 వస్తే మధ్యస్థ ముప్పు, చిన్న కౌన్సెలింగ్ సరిపోతుంది. 27 లేదా పైన వస్తే ఏ పదార్థమైనా పై ఆసుపత్రికి పంపాలి.

మోతాదు చెప్పేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోండి. మామూలు విస్కీ, బ్రాందీ 30 మిల్లీలీటర్లలో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. అది ఒక యూనిట్. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ అంటే 6 యూనిట్లు. 8 శాతం ఉన్న 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసా ఒక్కటి సుమారు 4 యూనిట్లు. "బీరే కదా భాయ్" అనే మాటకి ఇదే జవాబు.

ఆ పది నిమిషాల్లో ఏం మాట్లాడతారు

చిన్న కౌన్సెలింగ్ అంటే బయాన్ కాదు, తిట్టడం కాదు. "సిగ్గు లేదా, పిల్లలున్నారు కదా" అంటే మనిషి రెండోసారి రాడు. ఈ పద్ధతిలో ఆరు మెట్లున్నాయి: వచ్చిన మార్కులేంటో చెప్పడం, నిర్ణయం నీదేనని చెప్పడం, స్పష్టంగా సలహా ఇవ్వడం, ఒకటి కంటే ఎక్కువ దారులు చూపడం, సానుభూతితో వినడం, నువ్వు చేయగలవని ధైర్యం ఇవ్వడం.

ఒక ఉదాహరణ అనుకుందాం. 42 ఏళ్ళ ఆటో డ్రైవర్ పంటి నొప్పికి వచ్చాడు. నర్సు నోరు చూసింది, బుగ్గ లోపల తెల్లటి మచ్చ ఉంది.

"భాయ్, జర్దా గురించి రెండు మాటలు అడగొచ్చా?"

"అడుగమ్మా."

"రోజుకి ఎన్ని ప్యాకెట్లు?"

"పది దాకా అవుతాయి. డ్యూటీలో నిద్ర రాకుండా."

"మీ మార్కు 18 వచ్చింది, మధ్యలో ఉన్నారు. ఈ మచ్చ దానివల్లే వచ్చి ఉండొచ్చు, డాక్టర్‌గారు చూడాలి. మానాలా వద్దా అన్నది మీ చేతిలో ఉంది. మానడం మీకు ఎంత ముఖ్యం, సున్నా నుంచి పదిలో చెప్పండి."

"నాలుగు."

"రెండు కాకుండా నాలుగు ఎందుకన్నారు?"

ఆయన కాసేపు ఆగి, "చిన్న బేటీ దగ్గరికి రానివ్వదు, వాసన అంటది" అన్నాడు.

అసలు కౌన్సెలింగ్ ఇక్కడ మొదలైంది. మానాల్సిన కారణం నర్సు చెప్పలేదు, ఆయన నోటి నుంచే వచ్చింది. తర్వాత దారులు: ఒక తేదీ పెట్టుకుని పూర్తిగా మానడం, డాక్టర్ సలహాతో నికోటిన్ గమ్, ప్యాకెట్లు ఆటోలో పెట్టుకోకపోవడం, క్విట్‌లైన్‌కి ఫోన్. రెండు వారాల తర్వాత మళ్ళీ రమ్మనడం. ఆ "మళ్ళీ రండి" లేకపోతే మిగతాది సగమే.

నేను కామర్స్ చదివినవాణ్ణి, డాక్టర్‌ని కాదు. అందుకే నాకు ముందు కనబడేది డబ్బు లెక్క. రోజుకి 100 రూపాయలు జర్దాకో సిగరెట్‌కో పోతే ఏడాదికి 36,500. పిల్లల స్కూల్ ఫీజు పక్కన పెట్టి చూడండి. కౌన్సెలింగ్‌లో ఈ లెక్క కాగితం మీద వాళ్ళ చేతే రాయిస్తే, ఉపన్యాసం కంటే బాగా ఎక్కుతుంది.

నిజంగా పని చేస్తుందా?

దీనికి మన దేశంలోనే మంచి ఆధారం ఉంది. గోవాలోని 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో జరిగిన పరిశోధన 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఆడిట్‌లో 12 నుంచి 19 మార్కులు వచ్చిన 377 మంది మగవాళ్ళని తీసుకున్నారు. సగం మందికి మామూలు వైద్యం, సగం మందికి దాంతో పాటు ఒక్కోసారి అరగంట, ముప్పావుగంట చొప్పున నాలుగు దాకా కౌన్సెలింగ్ ఇచ్చారు. ఇచ్చినవాళ్ళు డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన మామూలు మనుషులు. మూడు నెలల తర్వాత చూస్తే, గత రెండు వారాల్లో చుక్క ముట్టనివాళ్ళు కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్ళలో 42 శాతం, తీసుకోనివాళ్ళలో 18 శాతం.

అదే పరిశోధన ఇంకో నిజం కూడా చెప్పింది. ఆ మూడు నెలల్లో ఇంట్లో భార్య మీద హింస తగ్గినట్లు తేలలేదు. అంటే తాగుడు తగ్గితే కొట్టుడు దానంతటదే ఆగిపోతుందని ఇంటి ఆడవాళ్ళు ఎదురుచూస్తూ కూర్చోకూడదు. దానికి విడిగా సహాయం అడగాలి. మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది.

గంజాయి, ఇతర మాదక ద్రవ్యాల విషయంలో ఆధారం అంత గట్టిది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున ఆస్ట్రేలియా, బ్రెజిల్, ఇండియా, అమెరికాలో చేసిన అధ్యయనంలో మొత్తం మీద ఫలితం కనిపించింది. 2014లో అమెరికాలో వచ్చిన రెండు పెద్ద అధ్యయనాల్లో ఒకసారి మాట్లాడి పంపితే వాడకం తగ్గలేదు. కాబట్టి ఒక్క మాటతో మాయ జరుగుతుందని ఎవరూ అనుకోవద్దు. ఆ మాట తలుపు తెరుస్తుంది, అంతే. ఆ తర్వాత నడవాల్సింది చాలా ఉంటుంది.

ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదకి వచ్చేవి

ఇది ప్రతి ఇంట్లోనూ తెలియాలి. "గదిలో పెట్టి తాళం వేస్తే నాలుగు రోజుల్లో దారికొస్తాడు" అని కొందరు పెద్దలు అంటారు. పొగాకు, గంజాయి విషయంలో చిరాకు, నిద్రలేమి లాంటి కష్టం ఉంటుంది కానీ ప్రాణాపాయం సాధారణంగా ఉండదు. మద్యం, నిద్రమాత్రలు అలా కాదు. రోజూ ఎక్కువ తాగేవాడు ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో చేతులు వణకడం, చెమటలు, ఫిట్స్ రావొచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య లేనివి కనబడడం, పొంతన లేకుండా మాట్లాడడం మొదలైతే అది ఎమర్జెన్సీ. దెయ్యం పట్టిందని తావీజు కోసం తిరగకుండా 108కి ఫోన్ చేయాలి.

తెలంగాణ జిల్లాల్లో దీనికి ఇంకో రూపం ఉంది, కల్తీ కల్లు. అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలిపిన కల్లు తాగేవాళ్ళు, తమకి తెలియకుండానే ఆ మందులకి అలవాటు పడతారు. 2015లో కల్తీ మీద దాడులు పెరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్ లాంటి చోట్ల వింత ప్రవర్తనతో, ఫిట్స్‌తో జనం ఆసుపత్రులకి వచ్చారు. కల్లు దుకాణం మూసేస్తే జబ్బు మూతపడదని అప్పుడే తెలిసింది. అలాంటివాళ్ళకి మోతాదు మెల్లమెల్లగా తగ్గిస్తూ డాక్టరే మాన్పించాలి.

ఇంట్లోవాళ్ళు చేసే పొరపాట్లు

తెలియకుండా మందు కలపడం: "టీలో కలిపితే మానేస్తాడు" అని అమ్మే పొడులు, మాత్రలు ఉంటాయి. డైసల్ఫిరాం అనే మందు ఒంట్లో ఉండగా మద్యం తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. ప్రాణం కూడా పోవచ్చు. తెలిసి, ఒప్పుకుని, డాక్టర్ పర్యవేక్షణలో వేసుకోవాల్సిన మందు అది.

నికాహ్‌తో బాగుపడతాడనుకోవడం: అలవాటుకి పెళ్ళి మందు కాదు. ఇంకో ఇంటి అమ్మాయి మీద ఆ భారం వేయడం అవుతుంది.

గొలుసులు వేసే చోటికి పంపడం: మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం మనిషిని గొలుసులతో కట్టడం నిషేధం. డీ-అడిక్షన్ సెంటర్‌లో చేర్చే ముందు రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ ఉందా, డాక్టర్ వస్తారా, కుటుంబాన్ని కలవనిస్తారా అని అడగండి.

ఆడవాళ్ళని లెక్కలో వేయకపోవడం: జర్దా పాన్, నొప్పి మాత్రలు, డాక్టర్ ఎప్పుడో రాసిచ్చిన నిద్రమాత్రలు ఏళ్ళ తరబడి వేసుకుంటున్న అమ్మీలు, ఆపాలు ఉన్నారు. వాళ్ళనీ అడగాలి. ఒంటరిగా, గౌరవంగా.

"చెబితే పోలీసులకి పట్టిస్తారా?"

ఎక్కువమంది ఆగిపోయేది ఈ భయంతోనే. డాక్టర్ దగ్గర చెప్పిన మాట గోప్యం. 2017 చట్టంలోని 23వ సెక్షన్ మానసిక ఆరోగ్య చికిత్సలో ఆ గోప్యతని హక్కుగా ఇచ్చింది. మద్యం, మాదక ద్రవ్యాల వల్ల వచ్చే మానసిక సమస్యలూ ఆ చట్టం కిందకే వస్తాయి. ప్రాణాపాయం, కోర్టు ఆదేశం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఇక ఎన్‌డీపీఎస్ చట్టం 64ఎ సెక్షన్ ప్రకారం, సొంత వాడకానికి లేదా చిన్న మోతాదుకి సంబంధించిన కేసు ఉన్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్స తీసుకుంటే ఆ నేరానికి విచారణ నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మేవాళ్ళకి ఇది వర్తించదు.

ఎక్కడికి వెళ్ళాలి, ఎవరికి ఫోన్ చేయాలి

మొదటి మెట్టు మీ బస్తీ దవాఖానా, పల్లె దవాఖానా, గ్రామ లేదా పట్టణ ఆరోగ్య కేంద్రం. ఈ ప్రశ్నలు అక్కడ ప్రతి ఒక్కరినీ అడుగుతారని అనుకోవద్దు. అడగకపోతే మీరే "డాక్టర్ సాబ్, ఒక అలవాటు గురించి ఒంటరిగా మాట్లాడాలి" అనండి. మార్కు ఎక్కువ వచ్చినా, ఫిట్స్ చరిత్ర ఉన్నా, సూది వాడకం ఉన్నా జిల్లా ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి చీటీ రాయించుకోండి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉన్నాయి.

14416: టెలి మానస్. 2022 అక్టోబర్‌లో మొదలైంది. తెలుగులో మాట్లాడతారు.
14446: నషా విముక్తి జాతీయ హెల్ప్‌లైన్.
1800 11 2356: పొగాకు మానడానికి క్విట్‌లైన్.
108: ఫిట్స్, స్పృహ తప్పడం, పిచ్చి మాటలు లాంటి అత్యవసరాలకి.

తెలంగాణలో 1908, ఆంధ్రప్రదేశ్‌లో 1972 నంబర్లు కూడా వినే ఉంటారు. అవి ప్రధానంగా మాదక ద్రవ్యాల అమ్మకం, రవాణా గురించి పోలీసు విభాగాలకి సమాచారం ఇవ్వడానికి. ఇంట్లో పిల్లాడికి చికిత్స కావాలంటే పై నంబర్లతో మొదలుపెట్టండి.

చివరగా ఒక మాట. ఈ వారం మీ ఇంట్లో ఎవరైనా బీపీ మాత్రల కోసం దవాఖానాకి వెళ్తుంటే, వాళ్ళతో పాటు లోపలికి వెళ్ళి పక్కన కూర్చోకండి. బయట బెంచీ మీద కూర్చోండి. మీ ముందు చెప్పలేని మాట ఏదైనా ఉంటే, లోపల డాక్టర్‌కి చెప్పుకునే వీలు వాళ్ళకి దొరుకుతుంది.